పాము పుట్ట కట్టదు, మరి ‘పుట్ట’ అనే మాట ఎక్కడిది?

టీచరుగారూ, మీ ప్రశ్న చదివి చాలా సంతోషం వేసింది. చదివేవాళ్ళందరికీ అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీరు నాలుగో తరగతి పిల్లలకు జంతువుల ఇళ్ళ పట్టిక చెబుతున్నారు: పిట్టకు గూడు, ఎలుకకు కలుగు, సింహానికి గుహ, పాముకు పుట్ట. ఒక పాప లేచి, పాముకు చేతులు లేవు కదా, అంత పెద్ద పుట్ట ఎలా కట్టుకుంది అని అడిగింది. వెనక బెంచీలో పిల్లాడు, పాము అందులో పుడుతుంది కాబట్టి పుట్ట అన్నారు అని జవాబిచ్చాడు. మీ తోటి మాస్టారు కూడా పిల్లాడు చెప్పిందే కరెక్ట్ అన్నారు. ఏది నిజం, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, కలుగు, బొరియ, బిలం అన్నీ ఒకటేనా అన్నది మీ సందేహం.

నేను ముప్ఫై ఏళ్ళు నిఘంటువుల పనిలో ఉన్నాను. అందులో సగం కాలం ఊళ్ళు తిరిగి మాటలు రాసుకోవడంలోనే గడిచింది. పుట్ట అనే మాట మీద నాకు మొదటి నుంచీ ఇష్టం ఎక్కువ. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పాప అడిగింది సరైన ప్రశ్న. పాము పుట్ట కట్టదు, కన్నం తవ్వదు. నాగుపాముకు మట్టి తవ్వే అవయవమే లేదు. పుట్టను పెట్టేవి చెదపురుగులు. పాము తర్వాత వచ్చి చేరుతుంది. ఇక పిల్లాడు చెప్పిన ‘పుడుతుంది కాబట్టి పుట్ట’ అన్న మాట వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది. వేమన కూడా ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి ‘పుట్టలోన చెదలు పుట్టదా గిట్టదా’ అన్నాడు. పద్యం బాగుంది, శబ్దం బాగుంది. కానీ పుట్ట అనే మాట పుట్టు అనే క్రియ నుంచి రాలేదు. రెండూ మొదటి నుంచీ వేరు వేరు మాటలు. తెలుగులో వాటి శబ్దం కలిసిపోయింది.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. పక్కనున్న కన్నడం వైపు చూస్తే నిమిషంలో తేలిపోతుంది. కన్నడంలో పుట్టడాన్ని ‘హుట్టు’ అంటారు. పుట్టినరోజు వాళ్ళకు ‘హుట్టుహబ్బ’. కానీ పుట్టను మాత్రం ‘హుత్త’ అంటారు. ఒకదానిలో ట్ట, ఇంకోదానిలో త్త. (మొదట్లో ఉన్న హ గురించి కంగారు పడకండి. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి. పాత కన్నడంలో ఆ చోట ప ఉండేది.) రెండు మాటలూ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటే కన్నడంలో ఒకటి ట్ట, ఒకటి త్త అయ్యేవి కావు.

ఇప్పుడు తమిళం చూడండి. పుట్టను తమిళంలో ‘పుఱ్ఱు’ అని రాస్తారు, పలికేటప్పుడు ‘పుట్రు’ లాగా వినిపిస్తుంది. పుట్టడానికి మాత్రం వాళ్ళ మాట ‘పిఱ’. పుట్టినరోజు ‘పిఱందనాళ్’. అక్కడ ఈ రెండు మాటలకూ పోలికే లేదు.

ఇక్కడ ఒక అందమైన లెక్క ఉంది. తమిళంలో ఱ్ఱ ఉన్నచోట కన్నడంలో త్త వస్తుంది, తెలుగులో ట్ట వస్తుంది. తమిళ ‘సుఱ్ఱు’, కన్నడ ‘సుత్తు’, మన ‘చుట్టు’. తమిళ ‘వఱ్ఱు’, కన్నడ ‘బత్తు’, మన ‘వట్టు’. ఈ మూడోది మనకు విడిగా వాడుకలో లేదు కానీ పాలు ఇంకిపోయిన గేదెను వట్టిపోయింది అంటాం కదా, అందులో బతికే ఉంది. అదే వరసలో పుఱ్ఱు, హుత్త, పుట్ట. ఒకటి రెండు మాటల్లో పోలిక కనిపిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. వరసగా అదే చోట అదే మార్పు కనిపిస్తే అది నియమం. ఈ నియమాన్ని పట్టుకునే బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో ద్రావిడ భాషల పదాల మూలాల నిఘంటువు వేశారు. దాన్ని పెంచి 1984లో మళ్ళీ అచ్చు వేశారు. మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు వైపు నుంచి ఇదే దారిలో జీవితమంతా పనిచేశారు. తుళులో పుట్టను ‘పుంచ’ అంటారు. గోండి లాంటి మధ్యభారత భాషల్లో కూడా ఈ మాటకు చుట్టాలున్నాయి. అంటే తెలుగు, తమిళం, కన్నడం వేరుపడక ముందే, ఆ మూలభాష మాట్లాడిన మనుషులు ఎర్రమట్టి దిబ్బను చూసి ఈ పేరుతో పిలుచుకున్నారు.

మరి మూలభాషలో ఆ శబ్దం ఏమిటి? అది ట కాదు, త కాదు. నాలుక కొనను పై పళ్ళ వెనక చిగురుకు ఆనించి పలికే శబ్దం. తెలుగు దాన్ని ట లో కలిపేసింది, కన్నడం త లో కలిపేసింది. మలయాళం మాత్రం ఈనాటికీ దాన్ని విడిగా కాపాడుకుంటోంది. కేరళలో పొద్దున టిఫిన్‌కి తినే పుట్టు, పాము ఉండే పుట్ట, మన చెవికి దాదాపు ఒకేలా ఉంటాయి. వాళ్ళ చెవికి అవి పూర్తిగా వేరు మాటలు, రాయడం కూడా వేరుగానే రాస్తారు. మీ పిల్లల ఊళ్ళో మలయాళీ నర్సు ఎవరైనా ఉంటే రెండూ పలికించి వినిపించండి. వేల ఏళ్ళ నాటి శబ్దం విన్నట్టే.

ఇక అర్థం సంగతి. మాట మూలం తెలిశాక అసలు అర్థం కూడా తేటపడుతుంది. పుట్ట అంటే మొదటి అర్థం కన్నం కాదు, దిబ్బ. లోపలి ఖాళీ కాదు, పైకి లేచిన మట్టి. మాటలు సేకరించేటప్పుడు నేను నేర్చుకున్న చిట్కా ఒకటి ఉంది. నామవాచకం అర్థం కావాలంటే దాని పక్కన ఏ క్రియ వస్తుందో చూడాలి. పుట్టను పెడతాయి అంటాం, తవ్వుతాయి అనం. సుమతీ శతకకారుడు కూడా ‘చీమలు పెట్టిన పుట్టలు’ అనే అన్నాడు. కలుగును తవ్వుతుంది. గూడును కడుతుంది, అల్లుతుంది. తొర్ర పడుతుంది, ఎవరూ చెయ్యరు, చెట్టు పుచ్చి దానంతటదే పడుతుంది. గుహకు అయితే క్రియే లేదు. కొండ ఇచ్చిన చోటులోకి జంతువు దూరుతుంది, అంతే. ఒక్కో మాట వెనక ఆ ఇల్లు ఎలా తయారైందో తెలుగువాళ్ళు గమనించి పెట్టిన గుర్తు ఉంది. మీ పట్టికలో ఆ క్రియలు లేవు. అందుకే పాపకు అనుమానం వచ్చింది.

సుమతి పద్యంలో చీమలు అని ఉంది, వేమన పద్యంలో చెదలు అని ఉంది. పెద్ద పుట్టల విషయంలో వేమనే సరి. మన పొలం గట్ల మీద మనిషి నడుము ఎత్తు, ఒక్కోసారి నిలువెత్తు పెరిగే పుట్టలు చెదపురుగులవి. చూడటానికి తెల్లచీమల్లా ఉన్నా చెద చీమ జాతి కాదు, వరసకు బొద్దింకకు దగ్గర చుట్టం. అవి లోతు నుంచి మట్టి రేణువులు నోటితో మోసుకొచ్చి, లాలాజలంతో తడిపి, చిన్న చిన్న ఉండలుగా పేర్చుతాయి. ఎండాక ఆ గోడ గునపం దెబ్బకు కూడా ఒక పట్టాన లొంగదు. చీమలు పెట్టే మట్టి కుప్పలు కూడా ఉంటాయి కానీ అవి చిన్నవి. వదిలేసిన చెదపుట్టల్లోకి చీమలు చేరడం కూడా మామూలే. చీమల పుట్ట అనే మాట అలా నిలబడింది. ఏడు చేపల కథలో ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అని చీమ అడగని తెలుగు ఇల్లు లేదు కాబట్టి దాన్ని మార్చమని నేను అనను.

లోపల ఏముంటుందో పిల్లలకు తప్పకుండా చెప్పండి. నేను మొదటిసారి చూసింది చిత్తూరు జిల్లాలో, రోడ్డు వెడల్పు చెయ్యడానికి జేసీబీ నిలువునా కోసిన ఒక పుట్టలో. రొట్టె ముక్క కోసినట్టు సగం తెగి ఉంది. పైన పొగగొట్టాల్లాంటి నిలువు దారులు. కింద పిడికిలంత గదులు. ఒక్కో గదిలో బూడిదరంగులో, స్పాంజిలాగా, చిల్లులు చిల్లులుగా ఒక ముద్ద. దాని మీద ఆవగింజ కంటే చిన్న తెల్లటి చుక్కలు. అది చెదల పంట. నమిలిన కర్ర, ఆకు, గడ్డితో ఆ ముద్ద చేసి, దాని మీద ఒక రకం బూజును పెంచి, దాన్ని తిని బతుకుతాయి. వానాకాలంలో ఆ బూజే పుట్ట పక్కన గొడుగులై పైకి వస్తుంది. పుట్టగొడుగు అనే పేరు అందుకే వచ్చింది. ఆ మాటలో ఉన్నది చూసి చెప్పిన నిజం. ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లలో కంపోస్టు ఎరువు మీద పెంచే తెల్ల బటన్‌ మష్రూమ్‌ను కూడా పుట్టగొడుగే అంటున్నాం. అది పుట్ట మొహం చూసి ఎరగదు. మాటలు అలాగే ప్రయాణం చేస్తాయి, అందులో తప్పేం లేదు. కానీ మూలం పిల్లలకు తెలియాలి.

ఆ నిలువు దారుల గురించి కూడా ఒక ముచ్చట. పుట్ట లోపల లక్షల పురుగులు, బూజు అన్నీ ఊపిరి తీస్తుంటే గాలి ఎలా మారుతుంది? బెంగళూరులోని పుట్టల మీద చేసిన పరిశోధన ఒకటి 2015లో అచ్చయింది. పగలు పుట్ట బయటి అంచులు త్వరగా వేడెక్కుతాయి, నడిమి భాగం చల్లగా ఉంటుంది. రాత్రి అది తిరగబడుతుంది. ఆ తేడాకే లోపలి గాలి పగలు ఒక దిక్కుకు, రాత్రి ఇంకో దిక్కుకు తిరుగుతుంది. పుట్ట లోపల చల్లగా, తేమగా ఉంటుంది. పాముకు కావలసింది అదే. దానికి తోడు పుట్ట అడుగున ఎలుకలు చేరితే తిండి కూడా దొరికినట్టే. నాగుపాము ఎలుక బొరియల్లో, పాడుబడ్డ పుట్టల్లో గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. ఉడుము కూడా పుట్టలో గుడ్లు పెడుతుంది. ఎలుగుబంటి, ఒంటినిండా పొలుసులుండే అలుగు చెదల కోసం పుట్టను బద్దలు కొడతాయి. ఒక పుట్ట చుట్టూ ఇంత సంసారం ఉంది.

ఇక కలుగు. కొన్నేళ్ళ కింద నెల్లూరు జిల్లాలో వరి కోతల తర్వాత మాటలు రాసుకోవడానికి వెళ్ళాను. ఎలుకలు పట్టే యానాది పెద్దాయన ఒకాయన వెంట రెండు రోజులు చేలల్లో తిరిగాను. ఆయన చేతిలో ఒక మట్టికుండ, దాని అడుగున చిన్న చిల్లు. కుండ నిండా గడ్డి కూరి నిప్పు వేసి, కుండ మూతిని కన్నానికి ఆనించి, అడుగు చిల్లులోంచి ఊదుతాడు. పొగ లోపలికి పోతుంది. మొదలుపెట్టే ముందు మాత్రం గట్టంతా తిరిగి చూసుకునేవాడు. ఒకచోట వంగి, కన్నం ముందు పోసిన మన్ను వేళ్ళతో నలిపి, ‘ఇది పచ్చిమన్ను, లోపలుంది’ అన్నాడు. ఇంకోచోట నాకు ఏమీ కనిపించలేదు, ఆయన కాలి బొటనవేలితో నొక్కితే నేల కుంగింది. ఎలుక పారిపోవడానికి లోపలి నుంచి తవ్వి, పైన పల్చటి మట్టి పొర ఉంచి మూసిపెట్టుకున్న దొంగదారి అది. ముందు దాన్ని మూసి, తర్వాత పొగ పెట్టాడు.

నేను నోటుబుక్కు తీసి, దీన్నేమంటారు, దాన్నేమంటారు అని వరసగా అడిగాను. ఎలుకది కలుగు అన్నాడు. ఎండ్రకాయది బొక్క అన్నాడు. నక్కది బొరియ అన్నాడు. పాముది అని అడిగితే పొగ కుండ కింద పెట్టి నా వైపు చూశాడు. ‘పాముకి ఇల్లేడిది సామీ. ఎవురింట్లో కూడు దొరికితే ఆ ఇంట్లో ఉంటది.’ ఆ రోజు నేను రాసుకున్న వాటిలో అంత స్పష్టమైన నిర్వచనం ఇంకొకటి లేదు.

అడిగారు కాబట్టి చెబుతున్నాను, కలుగు అనే నామవాచకానికీ ‘దయ కలుగు, మేలు కలుగు’ లో ఉన్న క్రియకూ పొత్తు లేదు. పుట్ట, పుట్టు లాగే ఇవి కూడా పైకి ఒకేలా కనిపించే రెండు మాటలు. కలుగు ఎక్కువగా ఎలుక చుట్టూనే తిరుగుతుంది. చిన్నది, ఇరుకు, లోపలికి మెలికలు తిరిగి పోయేది. బొరియ దానికంటే విశాలమైన మాట. నక్క, ముళ్ళపంది, పందికొక్కు, ఇవన్నీ బొరియలు చేసుకుంటాయి. పందికొక్కు పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఇంగ్లీషులో బాండికూట్ అనే పదం మన పందికొక్కే. పంది లాంటి ఎలుక అని మనవాళ్ళు పెట్టిన పేరు సముద్రం దాటి, చివరికి ఆస్ట్రేలియాలో ఎలుక జాతే కాని ఒక జంతువుకు స్థిరపడింది.

మీ పట్టికలో కుందేలుకు బొరియ అని ఉంటే దాన్ని కొంచెం సరిచెయ్యండి. యూరప్ కుందేళ్ళు నేల తవ్వి బొరియల్లో ఉంటాయి. మన చేలల్లో తిరిగే కుందేలు, అంటే చెవులపిల్లి, తవ్వదు. గడ్డిలో ఒళ్ళు పట్టేంత పడక చేసుకుని అందులో నక్కి ఉంటుంది. బయటి దేశపు బొమ్మల పుస్తకాల నుంచి మన పాఠాల్లోకి వచ్చిన పొరపాటు అది.

బొక్క గురించి పిల్లలు నవ్వుతారు, ఫరవాలేదు. కోస్తాలో బొక్క అంటే చిల్లు, కన్నం. తెలంగాణలో బొక్క అంటే ఎముక. అక్కడ చిల్లును ‘పొక్క’ అంటారు, ఎలుక పొక్క, గోడకు పొక్క. మా ఆఫీసులో చేరిన కొత్తలో కరీంనగర్ నుంచి వచ్చిన మిత్రుడు ఫోన్ పెట్టేసి ‘మా నాయనకు బొక్క విరిగింది’ అని కంగారుగా చెబితే, గుంటూరు వైపు వాళ్ళం ఒక్క క్షణం అర్థం కాక చూస్తూ నిలబడ్డాం. తర్వాత మేమే సిగ్గుపడి ఆయన వెంట ఆసుపత్రికి వెళ్ళాం. అప్పటి నుంచి, ఒక ప్రాంతం అర్థాన్నే ప్రామాణికం అని రాయడానికి నాకు చెయ్యి రాదు.

బిలం, గుహ సంస్కృతం నుంచి వచ్చాయి. బిలం చాలా పాత మాట. ఋగ్వేదం మొదటి మండలంలోనే, ఇంద్రుడు వలుడనే వాడి ఆవులు దాచిన బిలాన్ని తెరిచాడని ఉంది. ఈ బిలం కూడా ద్రావిడం నుంచి సంస్కృతంలోకి వెళ్ళిందని బరో భావించాడు. తమిళంలో ‘విళ్’ అంటే పగలడం, విచ్చుకోవడం. ‘విళవు’ అంటే పగులు. ఇది పుట్ట విషయం అంత గట్టిగా తేలినది కాదు, ఒక పండితుడి ప్రతిపాదన. పిల్లలకు చెప్పనక్కర్లేదు. మీరు మాత్రం తెలుసుకుని ఉండండి. ఇప్పుడు ఈ మాట ఆకాశానికి ఎక్కింది. వెలుగును కూడా బయటికి రానివ్వని నక్షత్రాల శవాలను మనం కృష్ణబిలాలు అంటున్నాం.

గుహ అనే మాటలో ‘గుహ్’ అనే ధాతువు ఉంది, దాని అర్థం దాచడం. గూఢం, గుహ్యం, గూఢచారి అన్నీ ఆ ఇంటి పిల్లలే. అమరకోశంలో పాము పేర్ల వరస చదివితే రెండు ముచ్చటైన మాటలు కనిపిస్తాయి. ఒకటి ‘బిలేశయం’, అంటే బిలంలో పడుకునేది. ఇంకొకటి ‘గూఢపాత్’, అంటే కాళ్ళు దాచుకున్నది. పాపకు చేతులు లేవని తోచినట్టే, ఎప్పుడో ఒక సంస్కృత కవికి పాము కాళ్ళు ఎక్కడో దాచుకుందేమో అని తోచింది. పంచతంత్రంలో సింహం దూరి కూర్చున్న చోటును నక్క పలకరించే కథ మీరు చెప్పే ఉంటారు. మనం ‘మాట్లాడే గుహ’ అంటాం. మూలంలో నక్క చివర అనే మాట బిలం గురించే: ఈ అడవిలో ముసలిదాన్నయ్యాను కానీ బిలం మాట్లాడటం ఎన్నడూ వినలేదు అంటుంది.

పుట్టకు సంస్కృతంలో వల్మీకం. వేదంలో చీమకూ చెదకూ వాడిన ‘వమ్ర’ అనే మాటతో పండితులు దీన్ని ముడిపెడతారు. తపస్సులో కూర్చున్న మనిషి చుట్టూ వల్మీకం పెరిగితే వాల్మీకి అయ్యాడు. చిత్తూరు వైపు వాయల్పాడు అసలు పేరు వాల్మీకిపురం, అక్కడి రాముడు పుట్టలో దొరికాడని స్థలపురాణం. పుట్టపర్తిలోనూ పేరులోనే పుట్ట ఉంది. పుట్టలోని పాము ఆవు పాలు తాగిందని, కాపరి రాయి విసిరాడని అక్కడి పెద్దలు చెబుతారు. తమిళనాడులో తిరువారూర్ శివుడి పేరే వన్మీకనాథుడు, అంటే పుట్టలో వెలసినవాడు. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందురోజు స్వామివారి సేనాధిపతి విష్వక్సేనులవారు ఊరేగింపుగా వెళ్ళి పుట్టమన్ను తెస్తారు, అందులో నవధాన్యాలు చల్లి అంకురార్పణ చేస్తారు. లోతు నుంచి వచ్చిన మెత్తటి మట్టి, రాయి ఉండదు, తేమ పట్టి ఉంచుతుంది. విత్తనం మొలవడానికి అంతకంటే మంచి మన్ను ఊళ్ళో దొరకదు.

పుట్టకూ నీటికీ ఉన్న లింకు కూడా పాతదే. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమిలో నీటి జాడలు చెప్పే అధ్యాయం రాశాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గరలో పుట్ట ఉంటే, చెట్టుకు దక్షిణాన రెండు నిలువుల లోతులో తియ్యటి నీళ్ళు పడతాయన్నది అందులో ఒకటి. ప్రతి గుర్తూ ప్రతిచోటా ఫలిస్తుందని నేను చెప్పను, బోరు వేసేముందు శాస్త్రీయంగా చూపించుకోవాల్సిందే. కానీ చెదలకు తేమ లేకపోతే బతుకు లేదు, ఆ గమనిక మాత్రం నికార్సైనది.

తమిళం నుంచి ఇంకొక్క మాట చెప్పి ఈ వైపు వదిలేస్తాను. తమిళంలో క్యాన్సర్‌ను ‘పుఱ్ఱునోయ్’ అంటారు, పుట్టజబ్బు అని. ఒంట్లో దిబ్బలా పెరిగి, లోపల్లోపల తొలిచేది కాబట్టి. మన పాత మాట రాచపుండు. రెండు భాషలు ఒకే జబ్బును రెండు రకాలుగా చూశాయి. పుట్ట అంటే ముందుగా పైకి పెరిగేది అన్న అర్థం తమిళుల నోట ఇంత గట్టిగా నిలిచి ఉంది. మనకు కూడా ‘జనం పుట్టలు పుట్టలుగా వచ్చారు’ అన్నప్పుడు ఆ అర్థమే వస్తుంది. చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు అన్నప్పుడు కూడా కళ్ళ ముందు కనిపించేది కన్నం కాదు, మైదానంలో దూరదూరంగా లేచి నిలబడ్డ దిబ్బలు.

ఇక మీ క్లాసుకు వద్దాం. పాము – పుట్ట అన్న జత తప్పని కొట్టెయ్యకండి. నాగుల చవితికి పిల్లలు తల్లి వెంట వెళ్ళి చలిమిడి, చిమ్మిలి పెట్టే చోటు అదే. వాళ్ళకు ఆ బంధం ఉంది, ఉండాలి. పాలు మాత్రం పాము తాగదని, కన్నంలో పోస్తే లోపలి జీవాలకు ఇబ్బందని మెల్లగా చెప్పండి, ఒక చుక్క పైన చల్లితే చాలు. పట్టికలో ఇంకో గడి పెంచండి. ఇప్పుడు రెండు గడులున్నాయి, జంతువు, ఇల్లు. మధ్యలో ‘ఎవరు చేశారు, ఎలా చేశారు’ అని మూడోది పెట్టి, క్రియలు పిల్లల చేతే రాయించండి. ఎలుక తవ్వింది. గిజిగాడు అల్లింది. చెట్టు పుచ్చింది, చిలక చేరింది. చెద పెట్టింది, పాము చేరింది.

అప్పుడు ఆ పాపకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పండి. పాములన్నిటిలో ఒక్కటి మాత్రం ఇల్లు కట్టుకుంటుంది. మన తూర్పు కనుమల్లో, మారేడుమిల్లి, అరకు వైపు అడవుల్లో ఉండే రాచనాగు, ఉత్తరాంధ్రలో గిరినాగు అంటారు. గుడ్లు పెట్టే కాలం వచ్చినప్పుడు ఆడపాము రాలిన ఆకులనూ వెదురాకులనూ ఒంటిని మెలికలా వంచి లాక్కొచ్చి కుప్ప చేస్తుంది, అందులో గుడ్లు పెట్టి, పైన ఇంకా ఆకులు కప్పి, ఆ కుప్ప మీదే కూర్చుంటుంది. చేతులు లేకుండానే.